కుటుంబాల వరుస

సుసాకి, తొసా తీరం
ఫిబ్రవరి

రిత్సుకోకి, మీ వదిన సాయో రాసేది.

మీ హకొదాతెలో మంచు ఇంకా పడుతూనే ఉందని రేడియోలో చెప్పారు. మీ ఆయన సెయిజి గారు ఆ చలిలో ఓడ డ్యూటీ ఎలా చేస్తున్నారో ఏమో. ఇక్కడ ప్లమ్ చెట్లు పూశాయి. ఇంతవరకే మంచి కబుర్లు. ఇక మిగతావి విను.

మొన్న ఆదివారం మీ అన్నయ్య అన్నం తొట్టెలో వాంతి చేసుకున్నాడు. పొద్దున వండి, చెక్క తొట్టెలోకి తీసి, బట్ట కప్పి ఉంచిన అన్నం. అందులోనే. చేసుకున్నవాడు ఊరుకున్నాడా? జాగ్రత్తగా మూత పెట్టేశాడు. ఆ మూత తీసింది నేను.

వేడినీళ్ళతో కడిగాను. బూడిదతో తోమాను. ఎండలో బోర్లించాను. దేవదారు చెక్క ఒకసారి పీల్చుకుంటే ఇక వదలదమ్మా. మళ్ళీ అన్నం వడ్డిస్తే ఆ ఆవిరిలో అదే కంపు. చివరికి పెరట్లో వేసి తగలబెట్టాను. "ఎందుకే, మంచి తొట్టె కదా!" అంటాడు ఈ మనిషి, వాకిట్లో కూర్చుని చెవిలో వేలు తిప్పుకుంటూ.

డాక్టరు కాలేయం పాడైందన్నాడు. "మాత్రలు నేనిస్తాను. మానిపించడం నా చేతిలో లేదు. తాగుడు మానుతున్నవాళ్ళు కలుసుకునే సంఘం ఒకటుంది, వెతికి అందులో చేర్పించండి. భార్య కూడా వెళ్ళాలి" అన్నాడు. నేనెందుకండీ, తాగింది నేనా అన్నాను. ఆయన మాత్రల చీటీ రాసి నా చేతికే ఇచ్చాడు.

ఆ సంఘం ఎక్కడుందో చెప్పే దిక్కు లేదు. టౌన్ ఆఫీసు కిటికీ దగ్గర గొంతు తగ్గించి అడిగితే, ఆ గుమాస్తా "ఏ సంఘమండీ? గట్టిగా చెప్పండి" అన్నాడు. చెప్పాను. వెనక వరుసలో చేపల కొట్టు ఆవిడ ఉంది. ఇంకేం కావాలి! ఆ గుమాస్తా పంపిన హాలుకి వెళ్తే అక్కడ అక్షరాలు దిద్దించే క్లాసు. పంతులమ్మ నవ్వుతూ నా చేతిలో కుంచె పెట్టింది. మీ అన్నయ్య హాయిగా కూర్చుని ‘చేప’ అన్న అక్షరం రాశాడు. బాగుందని పొగిడితే మురిసిపోయాడు కూడా.

ఎవరికీ చెప్పలేక నీకు రాస్తున్నాను. నువ్వు అదృష్టవంతురాలివి. సెయిజి గారికి ఒక్క గుక్క నోట్లో పోసుకుంటే ముఖమంతా మిరపపండైపోతుంది, మందు జోలికే పోరు.

సాయో


హకొదాతె
మార్చి

వదినకి,

ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది. అన్నయ్య మీద కాదు, నీ మీద.

తొసా మగాడు తాగకపోతే ఎవరు తాగుతారు? పెళ్ళిలో ఒకడు సాకే గిన్నె ఇస్తే తాగి, మళ్ళీ నింపి వాడికి తిరిగివ్వకపోతే అవమానం కాదూ? మా నాన్న తాగాడు, మా తాత తాగాడు. ఎవరూ సంఘాలకి పోయి ఏడవలేదు. మగవాణ్ణి పదిమందిలో నిలబెట్టి సిగ్గు తీయిస్తావా? తొట్టె పోతే కొత్తది కొనుక్కో. నేను పంపించనా?

అన్నయ్యది మెత్తని మనసు. అమ్మ పోయినప్పుడు ఎలా ఏడ్చాడో నాకు గుర్తుంది. అలాంటివాళ్ళే తాగుతారు, వదినా. రాతిగుండె వాళ్ళకి మందెందుకు?

ఆయన ఓడ మీద ఉన్నారు. రెండ్రోజులకోసారి ఇల్లు చేరతారు. ఆ మిగతా రోజుల్లో ఈ ఇంట్లో గడియారం చప్పుడు ఎంత గట్టిగా ఉంటుందో నీకేం తెలుసు.

రిత్సుకో


సుసాకి
ఏప్రిల్

రిత్సుకోకి,

మీ నాన్నా మీ తాతా సంఘాలకి పోలేదు నిజమే. ఇద్దరూ యాభై కూడా దాటలేదు. సరే, అది వదిలెయ్.

సంఘం దొరికింది. హాస్పిటల్లో నేల తుడిచే ఆవిడ చెప్పింది, వాళ్ళాయన కూడా అందులోనే ఉన్నాడట. జాలర్ల సంఘం భవనం మేడ మీద, గురువారం సాయంత్రాలు. కింద హాల్లో ఏముంటుందో తెలుసా? విందులు! మేం వెళ్ళిన రోజు కింద ఎవరిదో ఇల్లు కట్టిన సంబరం. పెద్ద పళ్ళేల్లో చేపలు, చప్పట్లు, పాటలు. సాకే వాసన చెక్కల సందుల్లోంచి పైకి లేస్తుంటే, పైన తాగుడు మానినవాళ్ళు బార్లీ టీ తాగుతూ కూర్చున్నారు. దేవుడు కూడా వెటకారం చేస్తాడన్నమాట.

ఒక వైపు తాగినవాళ్ళు, ఎదురుగా వాళ్ళ పెళ్ళాలూ తల్లులూ. మావైపుని ‘కుటుంబాల వరుస’ అంటారు. ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పాలి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, సలహా ఇవ్వకూడదు. చెప్పేసి కూర్చోవడమే.

ఏం చెప్పారంటే, నా చెవులు కడుక్కోవాలనిపించింది. ఒకడు తలకి రాసుకునే నూనె తాగాట్ట. ఒకడు కూతురి పెళ్ళి చూపుల్లో చాప మీదే పోసుకున్నాట్ట. చెబుతూ వాడు నవ్వుతాడు, మిగతావాళ్ళూ నవ్వుతారు! పైగా చివర్లో చప్పట్లు. ఆ కూతురెక్కడుందో, దాని గతేమిటో ఒక్కడూ అడగలేదు. సంఘం పెద్ద పేరు హమగుచి, టోఫు కొట్టు నడుపుతాడు. ఆయన మాత్రం నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు.

మీ అన్నయ్య వంతు వచ్చినప్పుడు "మా ఆవిడ లాక్కొచ్చింది" అన్నాడు. అంతే. దానికీ చప్పట్లు.

మళ్ళీ వెళ్ళాలట. ఛీ.

సాయో


హకొదాతె
మే

వదినకి,

మీ సంఘం కబుర్లు చదివి నవ్వుకున్నాను. తల నూనె!

పక్కింటివాళ్ళ పిల్లి మా వరండాలో పిల్లల్ని పెట్టింది. నాలుగూ నల్లవే. కొండ మీద చెర్రీ పూలు ఇప్పుడే విచ్చుతున్నాయి, మీకక్కడ ఎప్పుడో రాలిపోయి ఉంటాయి.

ఊరికే అడుగుతున్నాను, అక్కడ గుమ్మం దగ్గర పేరు చెప్పమంటారా? ఏ ఊరు, ఏ వీధి అని అడుగుతారా? తాగేవాళ్ళ వరుసలో ఆడవాళ్ళెవరైనా ఉన్నారా? ఉండరులే. మా వీధిలో ఒకావిడ గురించి ఎవరో ఏదో అంటే గుర్తొచ్చి అడిగాను.

రిత్సుకో


హకొదాతె
మే

వదినకి,

నీకు ఉత్తరం రాసి చాలా రోజులైంది. ఏమనుకోకు.

ఒక విశేషం చెప్పనా, పక్కింటివాళ్ళ పిల్లి మా వరండాలో పిల్లల్ని పెట్టింది. నాలుగూ నల్లవే! చెర్రీ పూలు ఇప్పుడిప్పుడే.

మీ సంఘంలో ఆడవాళ్ళు కూడా తాగేవాళ్ళున్నారా అని అడుగుదామనుకుంటూ ఉన్నాను. ఊరికే.

రిత్సుకో


సుసాకి
జూన్

రిత్సుకోకి,

ముందు నా సంగతి చెబుతాను. తర్వాత నీ సంగతి.

మీ అన్నయ్య మానేశాడు, చేతులు వణకడం కూడా తగ్గింది. ఊళ్ళో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. పోయిన గురువారం ఆయన మొదటిసారి నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పాడు. "మా ఆవిడ ఒకసారి మెట్ల మీంచి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నేను తాగి పడున్నాను. ఆస్పత్రికైనా తీసుకెళ్ళలేకపోయాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది" అన్నాడు. నా పక్కనున్న ముసలమ్మ కళ్ళొత్తుకుంది. ఎంత మంచివాడమ్మా, ఇంత చిన్నదానికే ఎంత బాధపడుతున్నాడో అని నా చెయ్యి పట్టుకుంది. ఆ విరిగిన చెయ్యే.

నా వంతు రాగానే లేచాను.

"నేను జారిపడలేదు. ఈయన తోశాడు."

కింద ఎవరో పాటెత్తుకున్నారు.

"పొద్దున లేచి 'చెయ్యేమైంది?' అని అడిగాడు. నిజంగానే ఏమీ తెలియని ముఖం. ఆ ముఖం చూసి 'జారిపడ్డాను' అన్నాను. డాక్టరుకీ అదే చెప్పాను, వీధికీ అదే చెప్పాను. ఈయన అదే నమ్మాడు. ఈయన్ని చూస్తే నాకు అసహ్యం. ఈయన చొక్కా ఉతుకుతుంటే అసహ్యం. మానేశాడని మీరంతా చప్పట్లు కొడుతుంటే ఇంకా అసహ్యం. క్షమించడానికి రాలేదు నేనిక్కడికి. డాక్టరు రమ్మన్నాడని వచ్చాను."

ఎవరైనా ఏదైనా అంటారనుకున్నాను. అలా మాట్లాడకూడదమ్మా అనో, ఓపిక పట్టమ్మా అనో. హమగుచి గారు తల వంచి, "చెప్పినందుకు కృతజ్ఞతలు. తర్వాత ఎవరు?" అన్నారు. అంతే. ఆ తర్వాతి మనిషి లేచి తన గోల తాను చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళుగా నా గొంతుకి అడ్డం పడి ఉన్నది నేల మీద పడింది, ఎవరూ దాన్ని తుడవడానికి పరుగెత్తలేదు. అదీ నాకు నచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన నా వెనక నడిచాడు. వంతెన దగ్గర "నేనా?" అన్నాడు. "నువ్వే" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. వంతెన కమ్మీ పట్టుకుని వాంతి చేసుకున్నాడు, చుక్క తాగకుండా. నేను వీపు నిమరలేదు.

ఇప్పుడు నీ సంగతి. మే నెలలో నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ ఒకే వారంలో వచ్చాయి. పిల్లి, నాలుగు నల్ల పిల్లలు, చెర్రీ పూలు. రెండోదాంట్లో గీతలు గాలికి కొట్టుకుపోయినట్టు ఉన్నాయి. మొదటిది రాసిన సంగతే నీకు గుర్తు లేదు. ఆ వరుసలో కూర్చుని కూర్చుని నాకిప్పుడు ఏమీ గుర్తులేని ఆ ముఖం తెలుసు.

రిత్సుకో, నువ్వు తాగుతున్నావా?

సాయో


హకొదాతె
జూన్

సాయో గారికి,

మతిపోయిందా మీకు? తాగుబోతుతో కాపురం చేసి చేసి, కనబడిన ప్రతివాళ్ళూ తాగుబోతుల్లాగే కనబడుతున్నారు. నా అన్నని పదిమందిలో హంతకుణ్ణి చేసింది చాలక, ఇప్పుడు నన్నా? ఒంటరిగా ఉండేదాన్ని, నిద్ర పట్టక అప్పుడప్పుడూ ఒక గిన్నెడు తీసుకుంటే అది తాగుడా? ఆడపడుచుని అనే మాటలేనా ఇవి?

ఇక ఉత్తరాలు రాయకండి.

రిత్సుకో


సుసాకి
జులై

రిత్సుకోకి,

రాయొద్దంటే రాయకుండా ఉండే రకం కాదు నేను. అయినా ‘మీరు’ ఏమిటి కొత్తగా?

నీ ఉత్తరం చదివి జాలి పడాలని చూశాను. రాలేదు. వచ్చింది అసహ్యమే. నీకు ఇవన్నీ ఎందుకు రాశానో తెలుసా? ఈ లోకంలో ఆ కంపు అంటని మనిషి ఒకరైనా ఉన్నారని, ఆ మనిషి నువ్వని. నేను తొట్టె కడిగిన సంగతి చదువుతూ నీ పక్కన గిన్నె ఉండి ఉంటుంది. తల నూనె సంగతికి నవ్వానన్నావు. గిన్నె పట్టుకునే నవ్వావా? మళ్ళీ మోసపోయాను, ఈసారి కాగితం మీద.

ఇక్కడ తాగేవాళ్ళ వరుసలో ఒక ఆడమనిషి ఉంది. బడిలో వంట చేసేదట. అడిగావుగా, అందుకే చెబుతున్నాను. పేరు అడుగుతారు, ఏదో ఒక పేరు చెబితే చాలు. వీధి అడగరు.

హమగుచి గారిని అడిగితే, ఆయన నాలుగు చోట్లకి ఫోన్లు చేసి మీ ఊరి సంఘం కనుక్కున్నారు. ట్రాము ఆఖరి స్టాపులో దిగితే బియ్యం కొట్టు ఉంటుందట, దాని పక్క సందులో పాత వ్యాయామశాల. వెనక గదిలో మంగళవారం సాయంత్రాలు కూడతారు. బోర్డు ఉండదట, గుమ్మంలో చెప్పులు చూసి పోల్చుకోవాలి. పెద్ద ఆయన పేరు కుమగయి, ఒకప్పుడు ట్రాము నడిపాడు.

వెళ్ళు. వెళ్ళినా నా అసహ్యం పోతుందని మాటివ్వను. మీ అన్నయ్య విషయంలో ఇంకా పోలేదు. అయినా ఆయన పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను, రోజూ.

సాయో


హకొదాతె
సెప్టెంబరు

వదినకి,

ఇన్నాళ్ళు రాయలేదు. రాయడానికి ముఖం లేదు.

ఆగస్టులో ఆ సందు దాకా వెళ్ళి బియ్యం కొట్టులో బియ్యం కొనుక్కుని వెనక్కొచ్చేశాను. ఒకసారి కాదు. ఇంట్లో ఇప్పుడు చలికాలానికంతా సరిపడా బియ్యముంది.

చివరికి ఒక మంగళవారం గుమ్మంలో చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. చాలావరకు మగవాళ్ళవే. లోపల్నుంచి కుమగయి గారు, భారీ మనిషి, బయటికొచ్చి "మీ ఆయన కోసం వచ్చారా అమ్మా?" అని ఎంతో మెల్లగా అడిగారు.

అవునన్నాను.

నన్ను తిట్టు వదినా. అవునన్నాను. వాళ్ళు నన్ను తీసుకెళ్ళి కుటుంబాల వరుసలో కూర్చోబెట్టారు. పక్కావిడ నా ఒళ్ళో దుప్పటి కప్పింది. నా వంతు వస్తే లేచి, "మా ఆయన ఉతకాల్సిన బట్టల బుట్ట అడుగున సీసా దాస్తారు. వంట వెనిగర్ సీసాలో పోసి ఉంచుతారు. నోరు వాసన రాకుండా ముల్లంగి ముక్కలు నములుతారు" అన్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అన్నీ నిజాలే, మనిషి ఒక్కడే అబద్ధం. వాళ్ళు తలలూపారు. ఆవిడ నాతో పాటు ఏడ్చింది కూడా.

ఆ రోజు ఇంటికొచ్చి తాగలేదు. తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ ఆయన గురించే చెప్పాను. ఆ మధ్యలో తాగాను. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళాను.

ఆయన ఏ పాపమూ ఎరగరు. చేపల పులుసు తింటూ ఓడలో ఎవరికి ఎలా వాంతులయ్యాయో చెబుతారు. నేను ఆ ముఖంలోకి చూడలేకపోతున్నాను.

రిత్సుకో


సుసాకి
అక్టోబరు

రిత్సుకోకి,

నీ ఉత్తరం గట్టిగా చదివాను, మీ అన్నయ్య వింటుండగా. బియ్యం దగ్గర ఆయన నవ్వాడు. వెనిగర్ సీసా దగ్గర నవ్వడం ఆపేశాడు. లేచి వెళ్ళి మా వంటింట్లో ఒక సీసా తెచ్చి తూములో వంపాడు. అది నాకు తెలియని సీసా!

ఆ మనిషిని, జన్మలో గిన్నె ముట్టని మనిషిని, తాగుబోతుని చేసి కూర్చోబెట్టావు. రోత పుడుతోంది నీ తెలివికి. నేను జారిపడ్డానని చెప్పి దోషిని దాచాను, నువ్వు దోషం లేనివాడికి అంటగట్టావు. ఇద్దరం ఒకే ఇంటి నీళ్ళు తాగినట్టున్నాం.

ఒకటి గుర్తుంచుకో. ఎక్కడైనా ఆ సంఘాల పద్ధతి ఒకటే. నాలుగు వారాలు పోయాక "ఈసారి ఆయన్ని కూడా తీసుకురండి" అంటారు. అప్పుడేం చేస్తావు?

సాయో


హకొదాతె
నవంబరు

వదినకి,

అన్నారు. నువ్వు చెప్పినట్టే.

తప్పించుకోవచ్చు. ఓడ డ్యూటీ అనొచ్చు, ఒంట్లో బాగాలేదనొచ్చు. ఆలోచిస్తుండగానే ఆ మంగళవారం కుమగయి గారు మా ఇంటికే వచ్చేశారు. నా వెనకాలే ఒకసారి ట్రాములో వచ్చి ఇల్లు చూసుకున్నారట. మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చకుండా టీ తాగుతున్నారు. కుమగయి గారు గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించినంత పని చేసి, "సెయిజి గారూ, ఒక్కసారి మాతో రండి. మీ ఆవిడ మీ కోసం ఎంత కష్టపడుతోందో మీకు తెలియదు" అన్నారు.

ఆయన నా వంక చూశారు. నేను టీ కెటిల్ వంక చూశాను. ఆయన టోపీ పెట్టుకుని, డ్యూటీ సంచి భుజాన వేసుకుని "పదండి" అన్నారు.

అక్కడ అందరూ లేచి నిలబడ్డారు వదినా. "వచ్చారా! వచ్చారంటే సగం గెలిచినట్టే!" అని ఒకడు భుజం తట్టాడు. తాగేవాళ్ళ వరుసలో, స్టవ్వుకి దగ్గరగా, మంచి కుర్చీలో కూర్చోబెట్టారు. దుప్పటి కప్పిన ఆవిడ నా చెవిలో "ముఖంలో ఎంత మంచితనముందో. ఇలాంటివాళ్ళకే పడుతుంది ఈ దరిద్రం" అంది. అన్నయ్య గురించి నేను నీకు రాసిన ముక్కలాగే లేదూ?

"కొత్తవారు, మీకిష్టమైతే రెండు మాటలు" అన్నారు కుమగయి గారు.

మా ఆయన లేచారు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. నేను అనుకున్నాను, ఇప్పుడు చెబుతారు, ‘నాకేం తెలియదు, ఈవిడ ఏం చెప్పిందో ఏమో’ అని. చెబితే బాగుండును అని కూడా అనుకున్నాను.

"మా ఆవిడకి చాలా కష్టం కలిగించాను. మీ అందరికీ శ్రమ ఇచ్చాను. మన్నించండి" అని నడుము దాకా వంగారు.

వంగి అలాగే ఉండిపోయారు. యూనిఫాం వీపు మీద ఉప్పు చారలు. ఆ వీపుని చూస్తుంటే నా ఒంటి మీద నాకే పురుగులు పాకినట్టయింది. తాగి బాత్రూంలో పడుకున్న రోజున కూడా నా మీద నాకు అంత రోత పుట్టలేదు. వాళ్ళు చప్పట్లు కొట్టడానికి చేతులెత్తారు.

"కొట్టకండి!" అని అరిచాను.

లేచి నిలబడ్డాను. "ఆయన తాగరు. ఒక్క చుక్క పడదు ఆయనకి. బట్టల బుట్టలో సీసా నాది. వెనిగర్ సీసా నాది. ముల్లంగి నమిలేది నేను. తాగేది నేను" అన్నాను. ఇంకా ఏదో అన్నాను, గుర్తులేదు. తాగలేదు, అయినా గుర్తులేదు.

ఎవరూ ఛీ అనలేదు. దుప్పటి ఆవిడ మాత్రం తన దుప్పటి వెనక్కి లాక్కుంది. దాన్ని తప్పు పట్టను. కుమగయి గారి ముఖం కందిపోయింది, చెవుల దాకా. కాస్త దగ్గి, "అయితే అమ్మా, మీరు ఇటు వచ్చి కూర్చోవాలి. సెయిజి గారూ, మీరు అటు" అన్నారు.

గది మధ్యలో ఇద్దరం ఎదురుపడ్డాం. ఇరుకు గది. ఆయన మోకాలు నా మోకాలికి కొట్టుకుంది. "అయ్యో" అన్నారు ఆయన, పరాయి ఆడదానికి తగిలినట్టు. స్టవ్వు దగ్గర కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

తిరిగి వస్తుంటే మొదటి మంచు పడుతోంది, నేల మీద నిలవకుండా బురదైపోతోంది. కొండ దారిలో ఆయన సంచి భుజం మార్చుకుని, "ఇంక సీసాలు రేవు దాకా మోయక్కర్లేదన్నమాట" అన్నారు.

ఏ సీసాలండీ అన్నాను.

"ఖాళీవి. వీధి చెత్తలో వేస్తే చప్పుడవుతుంది కదా, చుట్టుపక్కలవాళ్ళు వింటారు. డ్యూటీ సంచిలో పెట్టుకుని రేవులో పారేసేవాణ్ణి. ఒకదానికొకటి తగలకుండా నా మేజోళ్ళు తొడిగి."

వదినా, ఆ సీసాలు నేనే పారేసి మర్చిపోయాననుకునేదాన్ని. ఆయన మేజోళ్ళు సాకే కంపు కొడుతుంటే, ఓడలో తోటివాళ్ళతో చేరి ఈయనకీ అలవాటైందేమోనని ఆయనతో రెండుసార్లు పోట్లాడాను కూడా. అప్పుడూ ఏమీ అనలేదు.

"ఎందుకు అడగలేదు నన్ను?" అన్నాను.

"అడిగితే లేదంటావు. లేదంటే నమ్మాల్సొస్తుంది. నమ్మితే ఆ సీసాలు ఇంకెవరు మోస్తారు?" అన్నారు.

నేను దారి మధ్యలో కూలబడిపోయాను, ఆ బురదలోనే. ఆయన నన్ను లేవనెత్తలేదు. సంచి కింద పెట్టి, యూనిఫాంతోనే నా పక్కన కూర్చున్నారు.

రిత్సుకో